వంక పెట్టిందే కొనేవాడు

మొన్న మధ్యాహ్నం నరసరావుపేట కోర్టుకి ఎదురుగా, నా నెట్ సెంటరు ముందు, ఒక ఎర్ర కారు ఆగింది. ఆగాలని ఆగలేదు. దాని ముందు పత్తి బోరేలు ఎత్తిన ట్రాక్టరు, రోడ్డు మొత్తం తన పేరున రిజిస్టరైనట్టు, తీరిగ్గా మలుపు తిరుగుతోంది. పత్తి సీజన్లో మా ఊళ్ళో ట్రాక్టరుకి దారివ్వని వాహనం ఇంకా తయారు కాలేదు. కారుకి రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. హారన్ కొట్టబోయి ఏ మీట నొక్కాడో గానీ, పట్టపగలు దాని లైట్లు రెండూ కప్ప కళ్ళలా బోనెట్లోంచి పైకి లేచి, ట్రాక్టరు వెనకభాగాన్ని దిగులుగా చూశాయి.

జిరాక్సు కోసం నిలబడ్డ వకీలు గుమాస్తా బయటికి తొంగిచూసి, "అబ్బ, చానా బాగుందిరా బండి!" అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. కారుని చూసి కాదు. "బాగుంది" అన్న మాటకి.

ఆ మాటని భయపడాల్సిన మాటగా నాకు నేర్పినవాడు మా బాబాయ్. సొంత బాబాయ్ కాదు. మా వీధిలో వరస కలుపుకున్న బాబాయ్. పోయిన పత్తి సీజన్లో పోయాడు. సీజను మధ్యలో సెలవు పెట్టడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి అని మిల్లు వాళ్ళు చెప్పుకున్నారు.

ఆయన పని, జిన్నింగు మిల్లు తరఫున ఊళ్ళు తిరిగి రైతుల దగ్గర పత్తి కొనడం. పత్తి కొనేవాడు నచ్చిన సరుకుని మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే బేరం బిగుస్తుంది. ఇది మార్కెట్లో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అయితే మిగతావాళ్ళు ఆ అలవాటుని కాటా దగ్గరే వదిలేసి ఇంటికి పోతారు. బాబాయ్ వదల్లేదు. తలకి పట్టిన దూదితో పాటు ఇంటికి మోసుకొచ్చేవాడు.

రైతు బోరెం మూతి విప్పగానే చిటికెడు పత్తి తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురుకి ఎత్తి పట్టుకునేవాడు. తర్వాత ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట "అబ్బే." రెండో మాట "పింజ పొడుగు లేదయ్యా." ఆ తర్వాత తేమ, ఆ తర్వాత పుడక, ఆ తర్వాత రంగు. అన్నీ అయ్యాక భుజం మీది కండువా దులుపుకుని గేటు దాకా నడిచేవాడు. రైతు వెనక్కి పిలిచేవాడు. పిలవక ఏం చేస్తాడు, మబ్బు పడితే పత్తి ఆగదు గదా. పక్కవాడికి కనపడకుండా, కండువా కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుని, బేరం తెగ్గొట్టుకునేవాళ్ళు.

అదే ఆయన, "బాగుందయ్యా, చానా బాగుంది" అన్నాడంటే రైతు మొహం వాడిపోయేది. కొనడని అర్థం. అక్కర్లేని సరుకుతో పేచీ ఎందుకు, ఒక మంచిమాట అని పోదాం అనే రకం ఆయన. "బాబాయ్ నా పత్తిని మెచ్చుకున్నాడురా" అని ఏడుపు గొంతుతో చెప్పుకున్న రైతుల్ని నేను చూశాను.

ఒకసారి మా వీధివాళ్ళు పెళ్ళిచూపులకి ఆయన్ని పెద్దమనిషిగా తీసుకుపోయారు. తిరిగొస్తూ, "కుర్రాడు బాగున్నాడు. ఇల్లు బాగుంది. మాట తీరు బాగుంది" అన్నాడు. పిల్ల తండ్రి ఆ సంబంధం మర్నాడే వదులుకున్నాడు. తర్వాత చూసినవాణ్ణి, "మెడ పొడుగు. నవ్వితే చిగుళ్ళు తప్ప పళ్ళు కనపడవు. అన్నం పిట్ట తిన్నట్టు తిన్నాడు" అన్నాడు. ముహూర్తం పెట్టించారు. ఆ జంట ఇప్పటికీ బాగానే ఉంది. బాగానే అంటే, రోజూ పోట్లాడుకుంటూ.

ఇంట్లో మా పిన్ని చారుకీ అదే మర్యాద. "ఉప్పు చాల్లేదు. చింతపండు ఎక్కువైంది. ఈ మిరియాలు ఏ ఊరివే, ఘాటే లేదు" అంటూ మళ్ళీ గిన్నె చాపేవాడు. పిన్ని నావైపు తిరిగి, "వంకలు పెట్టేది నోరు, పోయించుకునేది చెయ్యి. రెండూ ఒక మనిషివేనంటావా?" అనేది. పోసేది.

నేను ఈ నెట్ సెంటరు తెరిచిన రోజు వచ్చాడు. గడపలో నిలబడి నాలుగు మూలలా చూసి, "అబ్బే. ఇరుకు. గాలాడదు. కోర్టు సెలవులిస్తే ఈగలు తోలుకోటమేరా నువ్వు" అన్నాడు. మర్నాటి సాయంత్రం నుంచి ఫ్యాను కింద కుర్చీ ఆయనదైపోయింది.

ఆ కుర్చీలో కూర్చునే మేం కారు వెతికాం.

పత్తి లారీలో డ్రైవరుకీ క్లీనరుకీ మధ్య, గేరు కడ్డీకి మోకాలు అడ్డం పెట్టుకుని తిరిగిన మనిషి ఆయన. అట్లా మాచర్ల రోడ్డులో పోతుంటే ఇలాంటి కారొకటి లారీని దాటిపోయిందట. "పోయినట్టు లేదురా. దూది పింజ గాలికి లేచినట్టుంది" అన్నాడు నాతో. కారుని మెచ్చుకున్నాడేమిటా అని కంగారు పడ్డాను. "కానీ ఆ రంగేంది? ఆ ఎత్తేంది? ఎక్కాలంటే వంగాల, దిగాలంటే దేకాల" అన్నాక కుదుటపడ్డాను. నచ్చిందన్నమాట.

"మీ పిన్నిని పక్కన కూచోబెట్టుకుని కోటప్పకొండ ఘాటు రోడ్డు ఎక్కాలిరా. ఒక్కసారి. కాళ్ళూ చేతులూ మాట వింటున్నప్పుడే."

"దానికి రెండు సీట్ల కారే ఎందుకు బాబాయ్? మామూలు కారు కూడా కొండెక్కుద్ది."

"వెనక సీటుంటే చుట్టాలు ఎక్కుతార్రా."

పిన్ని మాత్రం ఫొటో చూసి, "ఇది కూర్చునే బండి కాదు, పడుకునే బండి. నేనెక్కను" అని తేల్చేసింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, పైన కప్పు తెరుచుకుంటుందా, జుట్టు చెదురుతుందా అని అడిగింది.

కొత్త కారు మన తాహతు కాదు గనక పాతదే. ఆ పాతవాటిలో రెండు తరాలు ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటి తరం బండి గట్టిది. తీగలు తక్కువ, కంప్యూటరు లేదు, సుత్తీ పానా ఉంటే బాగుపడుతుంది. కాకపోతే ఇంజను లోపల ఎక్కడో ఒక బేరింగు ఉంది. అది పోతే ఇంజను పోతుంది. పోయేముందు చప్పుడు చేయదు, లైటు వెలిగించదు. రెండో తరంలో ఆ బేరింగు మార్చేశారు. కానీ ఒళ్ళంతా సెన్సార్లు. ఎండకి ఒకటి, దుమ్ముకి ఒకటి, స్పీడ్ బ్రేకరుకి ఒకటి అలుగుతుంది. ముందు ఎర్రలైటు వెలుగుతుంది. వెలిగినప్పుడల్లా హైదరాబాదు మోసుకుపోవాలి.

బాబాయ్ దీన్నంతా ఒక ముక్కలో తేల్చాడు. "పాతది చెప్పకుండా పోద్ది. కొత్తది చెప్తానే ఉంటది, పోదు. దేన్ని నమ్మాలిరా?"

"కొనేదాని గురించి అడుగుతున్నావా, కట్టుకునేదాని గురించా?"

"నోర్ముయ్. ఆ దేశాల వాళ్ళేమంటున్నారో చదువు."

ఆ కారు ఉన్నవాళ్ళు ప్రపంచం నలుమూలల నుంచి రాసుకునే చోటు ఒకటి ఇంటర్నెట్లో ఉంది. నేను చదివి మన తెలుగులో చెప్పేవాణ్ణి.

"ఇదిగో, ఒకాయన పాతదే నమ్మకం అంటున్నాడు. మంచులో కూడా తోలుతున్నాడంట."

"మంచులో నేనూ తోలతా. వైశాఖంలో తోలాడేమో అడుగు."

"అడగడానికి కుదరదు బాబాయ్. ఇది ఎప్పుడో ఏళ్ళ కిందట రాసింది."

"అట్టనా." కాసేపు ఫ్యాను వంక చూసి, "అయితే వాడి బండి ఇప్పుడు ఎట్టా ఉందో మరి" అన్నాడు. కండువా సర్దుకుని, "వాడు ఎట్టా ఉన్నాడో" అన్నాడు.

మాటల మధ్యలో దగ్గేవాడు. ఏళ్ళ తరబడి దూది దుమ్ము పీల్చిన మనిషి. మొదట్లో గొంతు సవరించుకున్నట్టుండే దగ్గు, రాను రాను జిరాక్సు మిషను చప్పుడుని దాటిపోయింది.

"బాబాయ్, నీకు ఎర్రలైటు వెలుగుతోంది. షెడ్డుకి పోదాం పద" అన్నాను.

"మాది మొదటి తరంరా. లైట్లు లేవు" అని నవ్వి, నవ్వుకి మళ్ళీ దగ్గాడు.

జోకుకి జోకు సరిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. సరిపోకుండా ఉంటే బాగుండేదేమో.

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ ఉన్న ఒక కుర్రాడి దగ్గర మొదటి తరం కారు అమ్మకానికి ఉందని తెలిసి బస్సెక్కాం. షెడ్డు తలుపు తీశాడు. సున్నం దుమ్ములో, తెల్లటి గుడ్డ కింద, ఎర్రగా ఉంది. కుర్రాడు మీట నొక్కితే లైట్లు లేచాయి. కుడిది చటుక్కున, ఎడమది బద్ధకంగా.

"అబ్బే" అన్నాడు బాబాయ్.

నా గుండె పొంగింది. ఇక ఖాయం.

"ఎడమ కన్నుకి పక్షవాతం." చుట్టూ తిరిగాడు. "తలుపు కింద సొట్ట. పైన రంగేసి కప్పెట్టారు." కూర్చున్నాడు. "సీటు గుడ్డ దీనిది కాదు. స్టీరింగు అరిగింది, ఎవరో చేతులకి చెమట పట్టేవాడు తోలాడు." దిగాడు. ఆయన మొహం అంత వెలిగి నేనెప్పుడూ చూడలేదు. వంకలు ఆగడం లేదు. "ఆ బేరింగు సంగతి తెలుసా నాయనా నీకు? ఇవాళ ఉంటది, రేపు ఉండదు. చెప్పదు, చెయ్యదు. ఇంజను మొత్తం బూడిద."

కుర్రాడి నోరు తెరుచుకుంది. "నిజమా బాబాయ్ గారూ?"

"నేను అబద్ధం చెప్తానా?"

కండువా తీసి కుడిచేతి మీద కప్పి ముందుకి చాపాడు. కండువా కింద బేరం ఆ కుర్రాడు పుట్టాక చూసినట్టు లేదు. ఏదో సన్మానం అనుకుని, రెండు చేతులతో కండువా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. దాన్ని వెనక్కి తీసుకోవడం నా వంతైంది. బాబాయ్ ఏమీ జరగనట్టు దులుపుకుని గేటు వైపు నడిచాడు. గేటు దాకా పోయి, చెప్పు సరిచేసుకునే నెపంతో కాస్త ఆగాడు. వెనక నుంచి పిలుపు రాలేదు.

"పిలుస్తాడు" అన్నాడు బస్సులో. "రెండ్రోజులు ఆగు. సరుకు పెట్టుకుని కూచోలేడు."

"బాబాయ్, అది పత్తి కాదు. వానొస్తే తడవదు. షెడ్డులో ఉంది."

"ఏ సరుకైనా సరుకేరా."

పిలిచాడు, ఆ వారంలోనే. ఫోను నా ఎదురుగానే మోగింది. స్పీకరు పెట్టాడు. కుర్రాడి గొంతులో భక్తి పొంగిపోతోంది. "మీ పుణ్యాన ఒడ్డున పడ్డా బాబాయ్ గారూ! మీరా బేరింగు సంగతి చెప్పకపోతే మునిగిపోయేవాణ్ణి. వచ్చిన కాడికి చాలని హైదరాబాదు ఆయనకి వదిలించుకున్నా."

బాబాయ్ స్పీకరు ఆపి, ఫోను చెవికి ఆనించుకున్నాడు. తర్వాత, "మంచి పని చేశావు నాయనా" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, కండువాతో మొహం తుడుచుకుని, "ఆ రెండో తరం దాని గురించి చదువు" అన్నాడు. చదివాను. విన్నట్టు లేదు.

రెండో తరం కారు మా ఊళ్ళోనే, స్థలాల వ్యాపారం చేసే ఒకతని దగ్గర ఉంది. దాన్నీ చూశాం. దానికీ వంకలు పెట్టాడు గానీ, నాలుగైదుకే ఆగిపోయాయి. వెలిగే ఎర్రలైటుని చూసి, "ఇది మీ పిన్నిరా. నిమిషం కుదురుగా ఉండనివ్వదు" అన్నాడు. కండువా దులుపుకుని వచ్చేశాడు. ఈసారి బండి ఎక్కడికీ పోలేదు. పల్నాడులో వెనక సీటు లేని కారు కొనేవాడు ఇంకొకడు పుట్టాలి కదా. అది అక్కడే ఉంది. బాబాయ్ కూడా పిలుపు కోసం అక్కడే ఉన్నాడు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

ఈలోగా దగ్గులో రక్తం పడింది. గుంటూరు తీసుకుపోయారు. వచ్చేసరికి సగం మనిషయ్యాడు. ఆయన అన్నది తప్పు. చెప్పకుండా పోయే మొదటి తరం కాదు ఆయన. ఏళ్ళ నుంచీ చెబుతూనే ఉంది, ఒళ్ళు. మేమే దాన్ని హాస్యం కింద జమకట్టాం.

ఒక ఉదయం పిన్ని నా షాపుకి వచ్చింది. ఎప్పుడూ రాదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "అది ఆయన కుర్చీ గదా" అంది. తర్వాత గబగబా చెప్పేసింది.

"ఒరేయ్, ఆ బండి కొందాం. ఆయన నోరు తెరిచి అడగడు. చచ్చినా అడగడు. నేను అడుగుతా. ఇంటి ముందుకి తెప్పించు. కొండ దాకా నేను ఎక్కి కూచుంటా, జుట్టు చెదిరితే చెదిరింది."

"తోలేదెవరు పిన్నీ?"

"నువ్వు తోలు."

"రెండే సీట్లు. మరి బాబాయ్ ఎక్కడ కూచుంటాడు?"

ఇద్దరం ఆ లెక్క తేల్చలేకపోయాం. అయినా బండి తెప్పించాం.

రెండో తరం కారు మా వీధిలోకి వచ్చి బాబాయ్ ఇంటి ముందు ఆగింది. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. బాబాయ్ లుంగీతో, కండువా కప్పుకుని, వాకిలి పట్టుకుని మెల్లగా దిగాడు. నేను చెయ్యి ఇవ్వబోతే విదిలించుకున్నాడు. బోనెట్ మీద అరచెయ్యి ఆనించాడు. ఇంజను వెచ్చగా ఉందేమో, కాసేపు అట్లాగే ఉంచాడు. చుట్టూ తిరిగాడు. టైర్ల దగ్గర ఆగాడు. గాజులోంచి లోపలికి, పక్కసీటు వైపు, చూశాడు.

పిన్ని కొంగు బిగించి నిలబడింది. ఏ వంకకి ఏ జవాబు చెప్పాలో రాత్రంతా సిద్ధం చేసుకుని వచ్చినట్టుంది. నేనూ కాచుకుని ఉన్నాను. "అబ్బే" అంటే చాలు, బేరం మొదలైనట్టే.

ఆయన చెయ్యి తీసేశాడు. కారుని తెచ్చినతని వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "బాగుందయ్యా. చానా బాగుంది" అన్నాడు.

వీధి జనం చప్పట్లు కొట్టారు. బాబాయ్ చేత బాగుందనిపించిన వస్తువు కదా మరి. కారు తెచ్చినతను పొంగిపోయి, "చూశారా, ఆయనే మెచ్చుకున్నాడు!" అని మా అందరికీ చెప్పాడు. ఏ డ్రామాలోనైనా మధ్యలో గాలి తీసే అలవాటున్నవాణ్ణి నేను. ఈసారి తియ్యలేదు. పిన్ని వైపు తిరిగాను.

పిన్ని కొంగు వదిలేసింది. "ఒరేయ్" అంది నాతో, చిన్నగా. "బండి పంపించెయ్."

ఆ పూట అన్నం దగ్గర ఆయన పిన్నితో, "చారు బాగుందే" అన్నాడట. పిన్ని చెప్పింది, ఆయన పోయాక, దినాల వంటలు జరుగుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని. "మెతుకు మిగలకుండా తిన్నా, వంక పెట్టకుండా లేచిన రోజు లేదురా ఆ మనిషి. బాగుందంట. ఇంకోసారి పోయనా అంటే వద్దన్నాడు." అంతలో వంటమనిషి చారు రుచి చూడమని గరిట పట్టుకొచ్చాడు. పిన్ని ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "ఉప్పు చాల్లేదు. చింతపండు ఎక్కువైంది" అని ఏడ్చింది. వంటమనిషి తన చారుకే ఏడ్చిందనుకుని కంగారుపడి, గుండిగలో నీళ్ళు పోశాడు. నిజంగానే చెడిపోయింది చారు. ఎవరూ ఏమీ అనలేదు. వంకలు పెట్టే మనిషి లేడు గదా.

మొన్నటి కారు సంగతి చెబుతున్నాను.

ట్రాక్టరు పోయింది. ఎర్ర కారు పక్కకి ఆగింది. దిగినతను కోర్టు వాయిదాకి వచ్చాడట, కాగితాలు పట్టుకుని నా షాపు మెట్లెక్కాడు. హైదరాబాదు మనిషి. నేను ఆయన్ని దాటుకుని కిందికి దిగాను. వంగి చూశాను. తలుపు కింద సొట్ట, పైన రంగు. స్టీరింగు అరిగి ఉంది. సీటు గుడ్డ దానిది కాదు. ఆపడం మరిచిన లైట్లు, అతను వెనక్కొచ్చి మీట నొక్కితే, కిందికి పోయాయి, కుడిది చటుక్కున, ఎడమది బద్ధకంగా. బాబాయ్ పెట్టిన వంకలన్నీ పెట్టినచోటే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

"ఏందన్నా, అట్ల చూస్తున్నవ్?" అన్నాడతను.

"ఇంజను ఎప్పుడన్నా ఇబ్బంది పెట్టిందా? లోపల బేరింగు ఏమన్నా..."

"ఏం బేరింగన్నా? కొన్నకాంచి ఒక్క పారి గుడ ఆగలే. రాయి లెక్కుంది." నా మొహంలో ఏం కనిపించిందో, కాగితాలు చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. "ఎవరన్న మంచిగ చూస్కునేటోళ్ళు దొరికితే ఇచ్చేద్దామనుకుంటున్న. ఎట్లుంది చెప్పు, నచ్చిందా?"

పైన గుమాస్తా ఇంకా అంటూనే ఉన్నాడు, బాగుంది, చానా బాగుంది అని.

బోనెట్ మీద అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది.

"అబ్బే" అన్నాను.